నెలకి 500 రూపాయలతో వరదకి, తుఫానుకి ఇంట్లో ఎలా సిద్ధంగా ఉండాలి? సలహా కావాలి

అద్దెఇల్లు_సింగ్‌నగర్ · జూన్ 3

అందరికీ నమస్కారం. మేము ఏప్రిల్‌లో విజయవాడ సింగ్‌నగర్‌లో అద్దెకి దిగాం, కింద పోర్షన్. మా వారు ఒక షాపులో లెక్కలు రాస్తారు, నేను ఇంట్లో బట్టలు కుడతాను. పిల్లలిద్దరికీ ఆరేళ్లు, మూడేళ్లు. అత్తగారికి షుగర్, ఇన్సులిన్ వాడతారు, మోకాళ్ల నొప్పుల వల్ల మెట్లెక్కడం కష్టం.

2024 సెప్టెంబరులో ఇక్కడ బుడమేరు వాగు పొంగి ఇళ్లలోకి వచ్చినప్పుడు మేము తెనాలిలో ఉన్నాం, టీవీలో చూశామంతే. ఇప్పుడు ఈ ఇంటి వెనక గోడకి రంగు వేసినా ఆ నీటి గీత కనిపిస్తూనే ఉంది, నా భుజం దాకా ఉంది. పక్కింటి పిన్నిగారు ఆ వారం రోజులు ఎలా గడిపారో చెప్పినప్పటి నుంచి మబ్బు పడితే చాలు నాకు టెన్షన్. యూట్యూబ్‌లో వెతికితే 15 వేలు, 20 వేలు పెట్టి కొనే కిట్లు, సోలార్ బ్యాటరీలు చూపిస్తున్నారు. మేము నెలకి 500 మించి తీయలేం, అది కూడా అన్ని నెలలూ కుదరదు. ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు ఏది కొనాలి?

పాయకాపురం_పాతకాపు · జూన్ 3

అమ్మా, ఈ నెల ఏమీ కొనకు. 500 అలా పక్కన పెట్టు. ముందు ఇంట్లో ఉన్నవి పైకెక్కించు.

మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతా, ఎందుకంటే నువ్వుండేది అలాంటి ఇంట్లోనే. సెప్టెంబరు 1, ఆదివారం. పొద్దున టీ తాగేటప్పటికి గుమ్మం ముందు పాదం మునిగేంత నీళ్లున్నాయి, వాన నీళ్లే కదా మధ్యాహ్నానికి లాగేస్తుందిలే అనుకున్నాం. అది వాన నీరు కాదు, బుడమేరు గట్లు తెగి వస్తున్న నీరు. మధ్యాహ్నం భోజనాల వేళకి మంచం మునిగింది. మేము పై పోర్షన్ వాళ్లింటికి పరిగెత్తినప్పుడు చేతిలో ఉన్నవి రెండు ఫోన్లు, ఒక దుప్పటి, పిల్లాడి స్కూలు బ్యాగు. అక్కడే అయిదు రాత్రులు.

ఏం పోయాయో లెక్క చూసుకుంటే అన్నీ నేల మీద ఉన్నవే. 25 కిలోల బియ్యం బస్తా, మిక్సీ, కుట్టుమిషను మోటారు, బీరువా అడుగు అరలో ఉన్న పదో తరగతి సర్టిఫికెట్లు, పెళ్లి ఫోటోలు. గ్యాస్ సిలిండర్ వంటింట్లో తేలుతూ తిరిగింది, దాన్ని చూస్తే భయం వేసింది. అందుకే అంటున్నా, పైసా ఖర్చు లేని పని ఇది: కాగితాలు బీరువా పై అరలోకి, బియ్యం అటక మీదకి కాకపోయినా కనీసం స్టూలు మీదకి, నీ కుట్టుమిషను మోటారు ఎలా విప్పాలో ఇప్పుడే చూసుకో. అది నీ జీవనాధారం, మర్చిపోకు. సిలిండర్‌ని రెగ్యులేటర్ తీసి మూత పెట్టి కిటికీ ఊచకి తాడుతో కట్టేలా చూసుకో.

ఇక నీళ్లు. చుట్టూ నడుం లోతు నీళ్లు, తాగడానికి గుక్క లేదు. మొదటి రోజంతా పై ఇంట్లో ఉన్న ఒకే ఒక్క 20 లీటర్ల క్యాను పదకొండు మందిమి పంచుకున్నాం. పడవలు మెయిన్ రోడ్డు మీద తిరిగాయి కానీ మా సందులోకి రావడానికి చాలాసేపు పట్టింది. తర్వాత డ్రోన్లతో పొట్లాలు కూడా వేశారు, కానీ అవి అందేదాకా గడవాలి కదా. ఒక్కొక్కరికి తాగడానికి, కాస్త వంటకి రోజుకి మూడు లీటర్లు వేసుకో. మీరు అయిదుగురు, మూడు రోజులకి 45 లీటర్లు. రెండు క్యాన్లు, మూడు పాత కూల్‌డ్రింక్ సీసాలు, అంతే. సీసాలు బాగా కడిగి నింపి మూత బిగించి ఎత్తులో పెట్టి, నెలకోసారి ఆ నీళ్లు మొక్కలకి పోసి మళ్లీ నింపు.

అద్దెఇల్లు_సింగ్‌నగర్ · జూన్ 3

అన్నా, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. కుట్టుమిషను సంగతి నాకు తట్టనే లేదు. రేపే మోటారు విప్పడం నేర్చుకుంటాను. నీళ్లు వస్తున్నాయని ముందే తెలుసుకునే దారి ఏమైనా ఉందా?

కాలవగట్టు_మైలవరం · జూన్ 4

దీనికి నేను చెప్పగలను, మా ఊరి పక్కనుంచే ఆ నీరు వస్తుంది. విజయవాడలో చాలామంది వాళ్లింటి మీద పడే వానే చూస్తారు. బుడమేరు పుట్టేది మా మైలవరం వైపు కొండల్లో, చివరికి కొల్లేరులో కలుస్తుంది. మధ్యలో వెలగలేరు దగ్గర నీటిని ఆపి వదిలే గేట్లు (రెగ్యులేటర్) ఉన్నాయి. అక్కడి నుంచి డైవర్షన్ కాలవలో కొంత నీటిని కృష్ణలోకి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కలుపుతారు. కృష్ణే నిండుగా ఉంటే ఆ కాలవ నీళ్లు నదిలోకి సరిగ్గా దిగవు. 2024లో అదే జరిగింది, బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది, అదే సమయానికి బుడమేరులోనూ వరద, కాలవకి గండ్లు పడ్డాయి.

కాబట్టి చెల్లీ, రెండు వార్తలు కలిపి చూడు: మైలవరం, జి.కొండూరు వైపు కుండపోత, కృష్ణకి పైనుంచి పెద్ద వరద. రెండూ ఒకేసారి ఉంటే మీ వీధిలో ఎండ కాస్తున్నా సరే ఆ రాత్రి నిద్రపోకుండా సామాను పైకెక్కించేయండి. ఎన్డీఎంఏ (జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ) వాళ్ల సచేత్ అనే యాప్ ఉచితం, లొకేషన్ ఇస్తే హెచ్చరికలు వస్తాయి. వాతావరణ శాఖ రంగుల్లో ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే కదలాల్సిన సమయం అని.

వైజాగ్_సీతమ్మధార · జూన్ 4

మాకు వరద కాదు, హుద్‌హుద్ తుఫాను. 2014 అక్టోబరు 12, అదీ ఆదివారమే. గాలి ఆగాక బయటికొస్తే ఒక్క చెట్టు నిలబడి లేదు. ఆ తర్వాత వచ్చిన కష్టాలన్నీ కరెంటు లేకపోవడం వల్లే. మోటారు ఆడదు కాబట్టి ట్యాంకులో నీళ్లు లేవు, టవర్లు పడిపోయి ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచేయవు, పెట్రోలు బంకుల దగ్గర కిలోమీటర్ల క్యూలు. పాల ప్యాకెట్ కోసం మా నాన్నగారు తెల్లవారుజామున మూడింటికి లేచి వెళ్లేవారు. మా వీధికి కరెంటు వచ్చేసరికి వారం దాటింది.

అప్పుడు కనీసం అందరి జేబుల్లో నోట్లు ఉండేవి. ఇప్పుడు కొత్తిమీర కట్టకి కూడా ఫోన్‌తో స్కాన్ చేస్తున్నాం. టవరు పోతే ఖాతాలో లక్ష ఉన్నా కొట్టువాడికి ఇవ్వడానికి ఏమీ ఉండదు. మీ 500లో నెలకి 100 తీసి 10, 20, 50 నోట్లుగా మార్చి ఒక కవర్లో దాచండి. 500 నోటు దాచొద్దు, ఆ రోజుల్లో ఎవరూ చిల్లర ఇవ్వరు. ఒక మామూలు బటన్ ఫోన్ ఉంటే సిమ్ దాంట్లో వేసుకోవచ్చు, ఛార్జింగ్ రోజులకి రోజులు ఉంటుంది. సెల్స్‌తో నడిచే చిన్న ఎఫ్ఎం రేడియో మాకు చాలా ఆసరా అయింది, ఎక్కడ ట్యాంకర్ వస్తుందో ఏ రోడ్డు తెరిచారో దాంట్లోనే విన్నాం.

పలాస_జీడితోట · జూన్ 4

తిత్లీ తుఫాను (2018 అక్టోబరు 11) మా మీదుగానే పోయింది, జీడి, కొబ్బరి తోటలు పడుకుండిపోయాయి. నా అనుభవంలో చెప్పేది ఒకటే, బియ్యం నెలకి సరిపడా తెచ్చి పెట్టుకోండి, ఇంట్లో బియ్యముంటే ధైర్యం.

పాయకాపురం_పాతకాపు · జూన్ 4

అన్నా, నీ మాట తుఫానుకి సరే, మాకు కుదరదు. పొయ్యి నీళ్లలో ఉంటే బియ్యం ఏం చేసుకుంటాం? పై ఇంటివాళ్ల గ్యాస్ రెండో రోజే అయిపోయింది. మాకు పనికొచ్చినవి వండక్కర్లేనివి. పై ఇంటి మామ్మగారి డబ్బాలో ఉన్న అటుకులు, బెల్లం, పుట్నాలపప్పు మా ముగ్గురు పిల్లల్ని రెండు రోజులు నిలబెట్టాయి.

పలాస_జీడితోట · జూన్ 4

ఒప్పుకుంటాను తమ్ముడూ. మాకు కట్టెల పొయ్యి, పెరడు ఉన్నాయి కాబట్టి అలా అన్నాను. కింద పోర్షన్ వాళ్లకి నీ మాటే సరైంది. అయితే ఆ డబ్బా వేరే ఖర్చు అనుకోకుండా చేయొచ్చు: ఎప్పుడూ కొనే సరుకుల్లోనే అటుకులు ఒక కిలో, వేరుశనగ గుళ్లు అరకిలో, బెల్లం అరకిలో, బిస్కెట్ ప్యాకెట్లు నాలుగు ఎక్కువ తెచ్చి, ముందు పాతవి వాడుతూ కొత్తవి డబ్బాలో వేస్తూ ఉండండి. పురుగు పట్టదు, పారేసేది ఉండదు. సత్తుపిండి అయితే ఇంకా మేలు, నీళ్లు, బెల్లం కలిపితే చాలు. పెద్దావిడకి షుగర్ కాబట్టి ఆవిడకి బెల్లం లేకుండా వేయించిన శనగలు, మరమరాలు విడిగా పెట్టండి.

ఇంకో మాట. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ రోగులు ఎక్కువ, డయాలసిస్ మధ్యలో ఉన్నవాళ్లు తిత్లీ అప్పుడు పడిన బాధ చూశాను. ఇంట్లో అలాంటివాళ్లుంటే తుఫాను అనగానే ముందు ఆసుపత్రిలో మాట్లాడి డయాలసిస్ ఒకరోజు ముందుకి జరుపుకోండి. మిగతా సామాను తర్వాత.

ఏఎన్ఎం_అక్క · జూన్ 5

డ్యూటీలో ఉండి ఇప్పుడే చూశాను. సింగ్‌నగర్ చెల్లెలికి నాలుగు విషయాలు చెప్పాలి, కాస్త పెద్దగా రాస్తున్నా.

ఇన్సులిన్: వాడుతున్న సీసా చాలా రకాలకి నాలుగు వారాల దాకా ఫ్రిజ్ బయట ఉండొచ్చు, వేడి 30 డిగ్రీలు దాటకూడదు. అట్ట మీద రాసి ఉంటుంది, చదువు. కరెంటు పోతే సీసాని మూత గట్టిగా ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని మట్టికుండలో పెట్టి, కుండ చుట్టూ తడి గుడ్డ కప్పు. గాలి తగిలే చోట ఉంచు. మన ఊళ్లలో ఫ్రిజ్ లేనివాళ్లకి మేము చెప్పేది ఇదే. ఐసుగడ్డ తగలనివ్వొద్దు, గడ్డకడితే ఇక వాడకూడదు. సిరంజీలు, మాత్రలు వారం రోజులవి ఎప్పుడూ మిగులు ఉండాలి, అయిపోయే రోజు కొనే అలవాటు మానుకోండి.

నీళ్లు, విరేచనాలు: వరద తర్వాత పిల్లల్ని దెబ్బతీసేది ఇదే. క్లోరిన్ మాత్రలు మాలాంటి ఆరోగ్య కార్యకర్తల్ని అడగండి, పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఉచితంగా ఇస్తాం. నీళ్లు మురికిగా ఉంటే ముందు నాలుగు మడతల గుడ్డలో వడకట్టి, తేరాక మాత్ర వేసి అరగంట ఆగాలి. ఎన్ని లీటర్లకి ఒకటో ప్యాకెట్ మీద చూడాలి. ఓఆర్‌ఎస్ లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో పైన మట్టంగా గీసి కొలిచి కలపండి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకి ప్రమాదం.

మూడోది ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతాను. మరుగుదొడ్డి. కింద బాత్రూము మునిగితే మరుగుదొడ్డిలో నీరు వెనక్కి తన్నుతుంది. పై ఇంట్లో ఒక్క బాత్రూము, పాతికమంది, ట్యాంకులో నీళ్లు లేవు. 2024లో క్యాంపులో నేను చూసిన ఆడవాళ్లు ఎంతోమంది దీనికే భయపడి రెండు రోజులు నీళ్లు తాగలేదు, మూత్రంలో ఇన్ఫెక్షన్లతో వచ్చారు. గర్భిణి కూడా ఉంది వాళ్లలో. మూతున్న ఒక పాత బకెట్, కాస్త మందంగా ఉండే నల్ల కవర్లు, ఒక సంచి బూడిదో రంపపు పొట్టో పక్కన పెట్టుకోండి. బకెట్లో కవరు వేసి, వాడాక గుప్పెడు బూడిద చల్లి మూత పెట్టడమే. అడ్డం కట్టుకోవడానికి ఒక పాత చీర. మొత్తం 50 రూపాయలు కూడా కాదు. మీ అత్తగారికి ఇది అన్నిటికన్నా ముందు కావాలి. శానిటరీ ప్యాడ్ల ప్యాకెట్ ఒకటి ఆ సంచిలోనే వేసేయండి.

నాలుగోది పాములు. నీళ్లకి అవి కూడా ఎత్తు వెతుక్కుంటాయి, అటక మీద, మంచం మీద. చీకట్లో టార్చి లేకుండా చెయ్యి పెట్టొద్దు. కాటు వేస్తే తాడు కట్టొద్దు, కోయొద్దు, పసరు పోయొద్దు, కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ప్రభుత్వ ఆసుపత్రిలో మందు ఉచితం.

మియాపూర్_మూడోఅంతస్తు · జూన్ 5

పై అంతస్తులో ఉన్నవాళ్లకి ఇవేమీ అక్కర్లేదని నేనూ అనుకునేవాణ్ణి. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌లో పడిన వానకి మా సెల్లార్ నిండిపోయింది. మోటారు, కరెంటు ప్యానెల్ రెండూ అందులోనే. మూడో అంతస్తులో మా ఇల్లు పొడిగానే ఉంది కానీ లిఫ్టు లేదు, నీళ్లు లేవు, లైటు లేదు, నాలుగు రోజులు. బిందెలతో మూడంతస్తులు మోశాను. ఇప్పుడు వాన హెచ్చరిక రాగానే మా ఇంట్లో చేసే మొదటి పని, ఉన్న బకెట్లన్నీ నింపడం.

లైన్‌మన్_రిటైర్డ్ · జూన్ 5

ముప్పై ఏళ్లు స్తంభాలెక్కినవాణ్ణి, నా మాట వినండి. నీళ్లు గడప దాటకముందే మెయిన్ ఆపేయండి. గడప దాటి లోపలికొచ్చాక తడి కాళ్లతో మెయిన్ దగ్గరికి వెళ్లొద్దు, కరెంటు వాళ్ల నంబరు 1912కి ఫోన్ చేసి లైను ఆపమనండి. కింద పోర్షన్లలో ప్లగ్గులు మోకాలెత్తులోనే ఉంటాయి, నీళ్లు ముందు వాటినే తాకుతాయి. ఇన్వర్టర్ ఉంటే దాన్ని కూడా ఆపాలి, ఊరి కరెంటు పోయినా అది ప్లగ్గుల్లోకి పంపుతూనే ఉంటుంది, ఈ సంగతి చదువుకున్నవాళ్లు కూడా మరిచిపోతారు. నీళ్లు తీశాక వైరింగ్ చూపించకుండా ఆన్ చేయకండి.

కొవ్వొత్తుల జోలికి పోవద్దు అమ్మా, చిన్నపిల్లలు, గ్యాస్ ఉన్న ఇల్లు. బ్యాటరీ లోపలే ఉండే ఎల్ఈడీ బల్బు ఒకటి కొను, మామూలు హోల్డర్‌లో పెట్టి రోజూ వాడుకో, కరెంటు పోతే కొన్ని గంటలు దానికదే వెలుగుతుంది. గ్యాస్ వాసనొస్తే 1906. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టొద్దు, ఆ పొగలో కనపడని విషం ఉంటుంది.

డాలస్_కొడుకు · జూన్ 6

మా అమ్మానాన్నలు రాజరాజేశ్వరిపేటలో ఉంటారు. 2024లో రెండు రోజుల పాటు వాళ్ల ఫోన్లు కలవలేదు. ఇక్కడి నుంచి నేను, బెంగళూరు నుంచి అక్క, ఎవరికి తెలిస్తే వాళ్లకి ఫోన్లు చేస్తూనే ఉన్నాం. చివరికి ఎదురింటి కుర్రాడు మేడెక్కి ఎవరిదో ఫోన్ తీసుకుని ఒక్క మెసేజ్ పెడితే తెలిసింది. వాళ్లు బాగానే ఉన్నారు, మా నంబర్లు మాత్రం ఫోన్లో తప్ప వాళ్లకి గుర్తు లేవు. ఫోన్ తడిసిపోయింది.

తర్వాత చేసిన ఏర్పాటు ఇది. గుంటూరులో మా బాబాయి నంబరు అందరికీ కేంద్రం. ఎవరు ఎక్కడున్నా ఆయనకి ఒక ఎస్ఎంఎస్ పెట్టాలి, ఫోన్ కలవకపోయినా ఎస్ఎంఎస్ ఒక్కోసారి వెళ్తుంది. ఆరు నంబర్లు అట్ట ముక్క మీద పెన్నుతో రాసి, పైన పారదర్శకంగా టేపు అంటించి అమ్మ పర్సులో, నాన్న చొక్కా జేబులో, దేవుడి గూట్లో పెట్టాం. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకాలు, ఇన్సూరెన్స్ పేపర్లు అన్నీ ఫోటోలు తీసి ప్రభుత్వ డిజిలాకర్ యాప్‌లో కొన్ని, అక్క ఫోన్లో కొన్ని. దీనికి మాకైన ఖర్చు టేపు డబ్బులు.

బాపట్ల_తీరం · జూన్ 6

అందరూ ఇంట్లో ఎలా ఉండాలో చెబుతున్నారు. ఎప్పుడు వెళ్లిపోవాలో కూడా మాట్లాడదాం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో మా అమ్మమ్మ తరం వాళ్లు చూసింది మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ తర్వాతే మా తీరంలో తుఫాను షెల్టర్లు కట్టారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది, ముందు రోజే జనం షెల్టర్లకి, బంధువుల ఇళ్లకి వెళ్లిపోయారు. అయినా మా మామయ్య కదలనన్నాడు. గేదె, ఇల్లు, దొంగల భయం. అందరి ఇళ్లలోనూ ఇలాంటి పెద్దాయన ఉంటాడు. ఆయన్ని ఆ రోజు ఒప్పించలేం, ఇప్పుడే మాట్లాడుకోవాలి. అత్తగారి మోకాళ్లంటున్నారు కాబట్టి మీరు మిగతావాళ్ల కన్నా ఒక పూట ముందే కదలాలి, నీళ్లు వచ్చాక ఆవిణ్ణి మోయడం ఇద్దరివల్ల కాదు.

డబ్బు గురించి అడిగారు కాబట్టి ఇంకొకటి. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకి, ప్రమాదంలో పోతే కుటుంబానికి 2 లక్షలు. వరదలో కొట్టుకుపోయినా, పాము కరిచినా వర్తిస్తుంది. బ్యాంకులో ఒక ఫారం.

అద్దెఇల్లు_సింగ్‌నగర్ · జూన్ 15

అందరికీ చేతులెత్తి దణ్ణం. చేసినవి చెబుతున్నాను.

కొన్నవి: రెండు మూత క్యాన్లు పాతవి, పక్క వీధి టిఫిన్ సెంటర్ వాళ్లు రెండూ కలిపి 160కి ఇచ్చారు. టార్చి, సెల్స్ 140. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు, అటుకులు, పుట్నాలు. నల్ల కవర్లు. 100 రూపాయలకి పది పది నోట్లు. మొత్తం 500కి ఇంకా కాస్త మిగిలింది. బల్బు వచ్చే నెల. రేడియో ఆ పై నెల. బీమా ఫారాలు మా ఇద్దరివీ ఇచ్చేశాం. మోటారు విప్పడం వచ్చింది, ఒక స్క్రూడ్రైవర్ మిషను సొరుగులోనే కట్టి పెట్టాను. మా వారు సిలిండర్ కట్టడానికి ఊచకి కొక్కెం బిగించారు.

శనివారం రాత్రి మెయిన్ ఆపేసి ప్రయత్నించి చూశాం. ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా. పిల్లలు ముందు ఏడ్చారు, తర్వాత టార్చితో గోడ మీద బొమ్మలాటలు ఆడుకున్నారు. అప్పుడు తెలిసినవి కొన్ని. చిన్నదాని పాల గ్లాసు లేకపోతే అది నీళ్లు తాగదు, కాబట్టి అలాంటిదే ఇంకొకటి సంచిలోకి వెళ్లింది. అటుకులు అత్తగారికి పళ్లతో కష్టం, నానబెట్టాలంటే ఇంకా నీళ్లు కావాలి, ఆవిడకి సత్తుపిండి చేస్తున్నాను. బకెట్ దగ్గర పట్టుకోవడానికి ఏమీ లేక ఆవిడ లేవలేకపోయారు, పాత కుర్చీ మధ్యలో కోసి దాని కింద బకెట్ పెట్టేలా మా వారు చేస్తున్నారు. నాకు చెప్పుకోవడానికి సిగ్గుపడేదాన్ని, ఏఎన్ఎం అక్క రాయబట్టి అత్తగారితో మాట్లాడగలిగాను.

అన్నిటికన్నా పెద్దది ఇది. మేడ మీదకి వెళ్లి చూద్దామని పైకెళ్తే పై తలుపుకి తాళం. తాళంచెవి ఓనర్ గారి దగ్గర ఉంది, ఆయన ఉండేది ఏలూరులో. నీళ్లొచ్చిన రోజు ఆ తలుపు దగ్గర మేమంతా ఇరుక్కునేవాళ్లం. ఫోన్ చేసి చెబితే ముందు వద్దన్నారు, బట్టలు ఆరేసి గోడలు పాడు చేస్తారని. పాయకాపురం అన్న రాసింది మొత్తం చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. నిన్న బస్సు కండక్టర్ ద్వారా డూప్లికేట్ పంపించారు. తలుపు పక్కన మేకుకి, అత్తగారి చేతికి కూడా అందే ఎత్తులో తగిలించాను.

పాయకాపురం_పాతకాపు · జూన్ 15

అమ్మా, పై పోర్షన్ వాళ్లకి కూడా ఆ మేకు చూపించు. మేడ మీద నీడకి ఒక పాత టార్పాలిన్ కావాలంటే మా దగ్గర ఉంది, ఆదివారం తెచ్చి ఇస్తా.